కరిగి కాపాడే లంకె

మోటారు వాహనం ముందుభాగాన ఉండే మూత ఎత్తి చూస్తే ఇంజను, రేడియేటరు, బ్యాటరీ మొదలైనవి తేలికగానే కంటపడతాయి. బ్యాటరీ ధనధ్రువం దగ్గర బయలుదేరే తీగలలో జానెడు పొడవుకు మించని ఒక చిన్న ముక్క మాత్రం సాధారణంగా ఎవరి దృష్టికీ రాదు. అది దీపాన్ని వెలిగించదు, హారన్‌ను మోగించదు, ఏ యంత్రాన్నీ తిప్పదు. వాహనం పాతబడి తుక్కు కింద అమ్ముడుపోయే వరకూ దానికి పని పడకపోవచ్చు. పని పడిన నాడు అది చేసేది ఒక్కటే. తాను కరిగి, తెగి, విద్యుత్తు దారిని మూసివేస్తుంది. వాహన పరిభాషలో దీనిని ఫ్యూజిబుల్ లింకు అంటారు. తెలుగులో కరిగే లంకె అనవచ్చు. 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో తయారైన కార్లలోను, ట్రక్కులలోను ఈ తీగ లంకె విరివిగా కనిపించేది. తరువాతి కాలంలో దాని ఆకారం మారింది గాని చేసే పని మారలేదు.

వాహనంలోని బ్యాటరీ 12 వోల్టులదే. ఇళ్లకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులు. కాబట్టి ఇంటి విద్యుత్తుతో పోల్చినప్పుడు వాహన విద్యుత్తు ప్రమాదరహితమైనదని చాలామంది భావిస్తారు. ఈ అభిప్రాయంలో సగమే నిజం ఉంది. పొడిచేతులతో బ్యాటరీ రెండు ధ్రువాలను పట్టుకున్నా మనిషికి షాకు తగలదు. చర్మానికి ఉన్న నిరోధం ఎక్కువ కావడం వల్ల 12 వోల్టులు దానిలో నుంచి చెప్పుకోదగినంత విద్యుత్తును నెట్టలేవు. అయితే అవే ధ్రువాల మధ్య ఇనుప స్పానరు అడ్డంగా పడితే కళ్లు చెదిరే మెరుపు పుడుతుంది. స్పానరు ఎర్రగా కాలుతుంది, ఒక్కొక్కసారి ధ్రువానికి అతుక్కుపోతుంది. రెండు సందర్భాలలోను బ్యాటరీ అదే, వోల్టులు అవే. మారినది దారిలోని నిరోధం మాత్రమే.

వాహనపు బ్యాటరీని తయారుచేసేదే పెద్ద విద్యుత్ ప్రవాహాన్ని ఒక్కసారిగా అందించడం కోసం. ఇంజనును కదిలించే స్టార్టరు మోటారు కొన్ని క్షణాల పాటు నూరు, రెండు నూర్ల ఆంపియర్లను కోరుతుంది. అంతటి ప్రవాహాన్ని ఇవ్వాలంటే బ్యాటరీ అంతర్నిరోధం అత్యల్పంగా ఉండాలి. అది ఒక ఓములో నూరోవంతు అనుకుంటే, 12.6 వోల్టుల పీడనం వద్ద ఆ బ్యాటరీ నుంచి 1,200 ఆంపియర్లకు పైగా ప్రవహించగలవు. ఇంజనును మేలుకొలిపే ఆ శక్తే దారి తప్పితే వాహనాన్ని తగలబెట్టగలదు.

దారి తప్పడానికి వాహనంలో అవకాశాలు తక్కువ కావు. ఇంటి వైరింగులో విద్యుత్తు పోవడానికి ఒక తీగ, తిరిగి రావడానికి మరొక తీగ ఉంటాయి. వాహనంలో తిరిగి వచ్చే తీగ పనిని చాలావరకు దాని లోహదేహమే చేస్తుంది. బ్యాటరీ రుణధ్రువాన్ని దేహానికి బిగిస్తారు. దీపానికైనా హారన్‌కైనా ధనధ్రువం నుంచి ఒక తీగ వెళితే చాలు. దీనివల్ల రాగి ఆదా అవుతుంది, తీగల చిక్కు తగ్గుతుంది. అయితే వాహనంలోని ఇనుప రేకు ప్రతి అంగుళమూ బ్యాటరీ రుణధ్రువంతో సమానమవుతుంది. తీగ పైతొడుగు ఎక్కడ చిరిగి లోపలి రాగి రేకుకు తగిలినా అక్కడికక్కడే షార్టు సర్క్యూటు ఏర్పడుతుంది. రేకులో తొలిచిన రంధ్రం గుండా తీగలు పోయే చోట రబ్బరు వలయం ఊడిపోవచ్చు. ఇంజను అదురుకు తీగ ఏళ్ల తరబడి ఒరుసుకోవచ్చు. పొగగొట్టం వేడికి తొడుగు పెళుసుబారవచ్చు. ఇక ఎలుకల సంగతి చెప్పనక్కరలేదు. నాలుగు రోజులు కదలకుండా నిలిపిన కారులో దూరి తీగలను కొరకడం వాటికి ఎంతో ఇష్టమైన పని.

అప్పుడు జరిగేదేమిటో ఒక చిన్న లెక్క ద్వారా గ్రహించవచ్చు. మధ్యచ్ఛేద వైశాల్యం 2.5 చదరపు మిల్లీమీటర్లు ఉన్న రాగి తీగ ఒక మీటరు పొడవున బ్యాటరీ నుంచి వెళ్లి, చివర రేకుకు తగిలిందనుకుందాం. ఆ తీగ నిరోధం సుమారు 0.007 ఓములు. బ్యాటరీ అంతర్నిరోధం 0.01 ఓము. వాహనదేహపు నిరోధాన్ని విడిచిపెడితే దారి మొత్తంలో ఉన్న నిరోధం 0.017 ఓములే. కనుక తీగలో 700 ఆంపియర్లకు మించిన విద్యుత్తు ప్రవహిస్తుంది. అప్పుడు ఆ తీగలో పుట్టే వేడి రమారమి 3,800 వాట్లు. అంటే వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు నాలుగింటి వేడి 22 గ్రాముల రాగిలో కేంద్రీకృతమైనట్లు. ఒక్క సెకను గడిచేసరికి తీగ ఉష్ణోగ్రత కొన్ని వందల డిగ్రీలకు చేరుతుంది. సాధారణమైన పి.వి.సి. తొడుగు నూరు డిగ్రీలు దాటితేనే మెత్తబడడం మొదలుపెడుతుంది. ఆ పైన అది కరిగి, ఊపిరాడనివ్వని పొగను వదులుతూ మండుతుంది. వాహనంలో తీగలు విడివిడిగా ఉండవు, కట్టలు కట్టి ఉంటాయి. ఒక తీగ తొడుగు కరిగితే దాని వేడికి పక్క తీగల తొడుగులూ కరుగుతాయి. ఆ కట్ట డాష్‌బోర్డు వెనుక నుంచి, కాళ్ల కింది తివాచీ అడుగు నుంచి సాగిపోతూ ఉంటుంది.

విద్యుత్తు వల్ల తీగలో పుట్టే వేడికి ఒక నియమం ఉన్నదని 1840 దశకం తొలినాళ్లలో ఇంగ్లండు శాస్త్రవేత్త జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ నిరూపించాడు. మాంచెస్టరు పరిసరాలలో బీరు తయారీ వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టిన జౌల్‌కు ప్రయోగాలంటే మక్కువ. పుట్టే వేడి తీగ నిరోధంతో పాటు ప్రవాహపు వర్గానికి అనులోమంగా పెరుగుతుందని అతడు కనుగొన్నాడు. ప్రవాహం రెండింతలయితే వేడి నాలుగింతలు, పదింతలయితే నూరింతలు అన్నమాట. పది ఆంపియర్లను హాయిగా మోసే తీగ 700 ఆంపియర్లను ఎందుకు భరించలేదో ఈ నియమమే చెబుతుంది.

ఈ నియమంలో దాగిన మరో సంగతి కరిగే లంకెకు ప్రాణం వంటిది. ఒకే ప్రవాహం ఒకదాని వెంట ఒకటిగా కలిపిన రెండు రాగి తీగలలో నడుస్తున్నదనుకుందాం. రెండవ తీగ మధ్యచ్ఛేదం మొదటిదానిలో సగమే ఉంటే దాని నిరోధం రెండింతలు. కాబట్టి ప్రతి అంగుళంలో పుట్టే వేడి రెండింతలు. అంతటితో ఆగదు. సన్న తీగలో రాగి కూడా సగమే ఉన్నది. రెండింతల వేడిని సగం లోహం పంచుకోవలసి రావడంతో దాని ఉష్ణోగ్రత నాలుగింతల వేగంతో పెరుగుతుంది. తీగను కొంచెం సన్నబరిస్తే చాలు, తక్కిన తీగ గోరువెచ్చనయ్యేసరికే అది కాలిపోయే స్థితికి వస్తుంది. గొలుసులో కావాలని ఒక బలహీనమైన కొలికిని ఉంచడం వంటిది ఇది.

సన్నని తీగను కాపలా పెట్టాలన్న ఊహ మోటారు వాహనాల కన్నా పాతది. గడియారాల తయారీలో పేరుగాంచిన కుటుంబానికి చెందిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ బ్రెగే 1847లో టెలిగ్రాఫు కేంద్రాలను పిడుగుల నుంచి రక్షించేందుకు దీనిని సూచించాడు. కేంద్రంలోకి ప్రవేశించే చోట తీగను సన్నగా ఉంచితే, పిడుగు పడినప్పుడు ఆ భాగం కరిగి లోపలి యంత్రాలు దక్కుతాయన్నది అతని యోచన. ఆ తరువాత విద్యుద్దీపాల కాలంలో, 1890లో, థామస్ ఎడిసన్ తన విద్యుత్ పంపిణీ వ్యవస్థలో భాగంగా ఫ్యూజుకు పేటెంటు పొందాడు. మోటారు కారులో విద్యుత్తుకు ప్రాధాన్యం వచ్చింది 1912 నాటి కాడిలాక్ కారుతో. చేతితో పిడి తిప్పి ఇంజనును నడిపించే బెడదను తప్పిస్తూ చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు అందులో అమరింది. దానితో శక్తిమంతమైన బ్యాటరీ వాహనానికి విడదీయరాని అంగమైంది. దీపాలు, వైపర్లు, రేడియోలు, గాలిపంకాలు ఒకటొకటిగా వచ్చి చేరి తీగల కట్టను లావెక్కించాయి.

ప్రతి కారులోను ఫ్యూజుల పెట్టె ఉండగా వేరే లంకె ఎందుకని సందేహం కలగడం సహజం. దీనికి సమాధానం చెరువు నీటి పంపకంలో దొరుకుతుంది. పెద్ద కాలువ నుంచి చీలే పిల్లకాలువ ప్రతిదానికీ ఒక అడ్డుపలక ఉంటుంది. ఏ పిల్లకాలువకు గండి పడితే దాని పలక దించితే సరిపోతుంది. అయితే చెరువుకూ పిల్లకాలువలకూ నడుమ పెద్ద కాలువకే గండి పడితే ఈ పలకలన్నీ దించినా నీరు ఆగదు. చెరువుగట్టు దగ్గరి తూమును మూయవలసిందే. ఫ్యూజుల పెట్టెలోని ఒక్కొక్క ఫ్యూజు ఒక్కొక్క పిల్లకాలువకు కాపలా. దీపాలకు ఒకటి, హారన్‌కు ఒకటి, వైపర్లకు ఒకటి. బ్యాటరీ నుంచి ఆ పెట్టె వరకు వచ్చే పెద్ద తీగలో ఏర్పడే షార్టు సర్క్యూటు ఈ ఫ్యూజులలో ఏ ఒక్కదాని గుండానూ పోదు. కాబట్టి అవన్నీ చెక్కుచెదరకుండానే ఉంటాయి, పెద్ద తీగ మాత్రం మండిపోతుంది. బ్యాటరీకి అతి సమీపాన ఉంచే లంకె చెరువు తూము వంటిది. అది బ్యాటరీకి ఎంత దగ్గరగా ఉంటే రక్షణ లేని తీగ పొడవు అంత తగ్గుతుంది. స్టార్టరు మోటారుకు పోయే అతి లావైన తీగను మాత్రం చాలా వాహనాలలో ఈ లంకె పరిధి నుంచి తప్పించి నేరుగా కలిపేవారు. ఆ మోటారు కోరే ప్రవాహాన్ని లంకె తట్టుకోలేదు.

లంకె మందాన్ని నిర్ణయించడానికి వాడుకలో ఉన్న సూత్రం సరళమైనది. అది తాను కాపాడవలసిన తీగ కంటే నాలుగు గేజీలు సన్నగా ఉండాలి. అమెరికా గేజి పద్ధతిలో సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. ఇది మొదట వింతగా తోస్తుంది. కంసాలి కమ్మచ్చు రంధ్రాల గుండా తీగను లాగే తీరును గుర్తుకు తెచ్చుకుంటే వింత తొలగిపోతుంది. ఎక్కువసార్లు లాగిన తీగ ఎక్కువ సన్నబడుతుంది, గేజి సంఖ్య కూడా దాదాపు ఆ లెక్కనే పుట్టింది. పెద్ద తీగ 10వ గేజిదైతే దాని మధ్యచ్ఛేదం 5.26 చదరపు మిల్లీమీటర్లు. దానికి తగిన లంకె 14వ గేజిది, మధ్యచ్ఛేదం 2.08. అంటే రెండున్నర రెట్లు సన్నన. పైన చెప్పిన లెక్క ప్రకారం లంకె ఉష్ణోగ్రత పెద్ద తీగ ఉష్ణోగ్రత కన్నా ఆరు రెట్ల వేగంతో పెరుగుతుంది. పెద్ద తీగ తొడుగు మెత్తబడక ముందే లంకెలోని రాగి తన ద్రవీభవన స్థానమైన 1,085 డిగ్రీల దిశగా పరుగెడుతుంది. మరోవైపు, దీపాలు, పంకాలు ఒకేసారి పనిచేయడం మొదలుపెట్టినప్పుడు క్షణకాలం పెరిగే ప్రవాహానికి అది తెగదు. రాగి వేడెక్కడానికి కొంత వ్యవధి పడుతుంది గదా! ఈ ఓర్పు లేకపోతే లంకె రోజుకొకసారి తెగిపోయేది.

వెయ్యి డిగ్రీలకు కాలే తీగకు మామూలు తొడుగు వేస్తే రక్షణ కోసం పెట్టినదే నిప్పు రాజేస్తుంది. అందుచేత లంకెకు హైపలాన్ వంటి ప్రత్యేకమైన కృత్రిమ రబ్బరు తొడుగు వేస్తారు. అది తేలికగా మంటను అందుకోదు. లోపల రాగి కరిగినప్పుడు బొబ్బలెక్కినట్లు ఉబ్బుతుంది. ఆ బొబ్బలే లంకె తెగిందని చెప్పే గుర్తు. కొన్నిసార్లు పైకి ఏ మార్పూ కనిపించదు. అనుభవం గల ఎలక్ట్రీషియన్ అప్పుడు లంకె రెండు కొసలూ పట్టుకొని మెల్లగా లాగి చూస్తాడు. రబ్బరులా సాగితే లోపల రాగి తెగిపోయిందన్నమాట.

లంకె తెగిన వాహనంలో దీపం వెలగదు, హారన్ మోగదు, తాళం తిప్పినా ఇంజను కదలదు. పగటిపూట ఊరి నడుమ ఇది చిన్న ఇబ్బంది. రాత్రివేళ జాతీయ రహదారి మీద, పిల్లలతో ప్రయాణిస్తున్న కుటుంబానికైతే పెద్ద ఆపద. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. డ్రైవరుకు కావలసింది బండి కదలడం. దారిపక్క దొరికిన మెకానిక్ దగ్గర సరైన లంకె ఉండదు. చేతికందిన తీగముక్కను ఆ స్థానంలో బిగిస్తాడు. బండి కదులుతుంది, దీపాలు వెలుగుతాయి. తెగకుండా ఉండాలని కాస్త లావు తీగనే వేశానని చెబితే యజమాని సంతోషిస్తాడు కూడా. ఇళ్లలో ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని రాగి తీగను రెండు పేటలుగా మెలిపెట్టి వేయడం, బండి ఫ్యూజుకు సిగరెట్టు పెట్టెలోని తళుకు కాగితాన్ని చుట్టడం ఈ కోవలోనివే.

ఆ మరమ్మతుతో వాహనంలోని బలహీనమైన చోటు మాయం కాలేదు, వేరొక చోటికి మారింది. లంకెగా వేసిన తీగ పెద్ద తీగతో సమానమైనదో, దానికన్నా లావైనదో అయితే ఇకమీదట షార్టు సర్క్యూటు జరిగినప్పుడు మొదట కాలేది లంకె కాదు. కట్టలోని ఏ తీగ సన్ననైతే అది కాలుతుంది. అది డాష్‌బోర్డు వెనుక ఉండవచ్చు, పెట్రోలు పంపు వైపు పోయే తీగ కావచ్చు. తయారీదారు ఇంజను దగ్గర, అందరికీ కనిపించే చోట, మండని తొడుగు వేసి ఏర్పాటు చేసిన తెగుదల ఇప్పుడు ఎవరూ ఎంచుకోని చోట జరుగుతుంది. ఇందులో మోసం చేయాలన్న ఉద్దేశం ఎవరికీ లేదు. పొరపాటుకు లంకె ఆకారమూ కొంత కారణం. దాని తొడుగు దళసరిగా ఉండడం వల్ల పైకి అది పెద్ద తీగంత లావుగా కనబడుతుంది. లోపలి రాగి ఎంత సన్ననో కోసి చూస్తే గాని తెలియదు. పొడవు విషయంలోనూ ఇటువంటి ఏమరుపాటే జరుగుతుంది. లంకె తొమ్మిది అంగుళాలకు మించరాదన్నది సాధారణ నియమం. మిగిలిన తీగ వృథా పోవడమెందుకని మూరెడు పొడవున వేలాడదీస్తే, అది కాలేటప్పుడు దేనికో ఒకదానికి తగిలే ప్రమాదం ఉన్నది.

ఈ చిక్కులను గమనించి తయారీ సంస్థలు క్రమంగా తీగ లంకెను పెట్టెలో అమర్చే లంకెగా మార్చాయి. నేటి కారులలో బ్యాటరీ ధ్రువం మీదనో, దాని పక్కనున్న పెట్టెలోనో పారదర్శకమైన మూత గల లంకెలు కనిపిస్తాయి. లోపలి లోహపు పట్టీ తెగిందో లేదో మూత గుండా చూసి చెప్పవచ్చు. కొన్నింటిలో రాగి పట్టీ మధ్యన తగరపు చుక్క ఒకటి ఉంటుంది. తగరం 232 డిగ్రీలకే కరిగి, తనలో రాగిని కరిగించుకుంటుంది. అందుచేత ఓ మోస్తరు అధిక ప్రవాహం చాలాసేపు కొనసాగినా పట్టీ తెగుతుంది. చిన్న ఫ్యూజులకు రంగులున్నాయి. 10 ఆంపియర్లకు ఎరుపు, 15కు నీలం, 20కి పసుపు, 30కి ఆకుపచ్చ. ద్విచక్ర వాహనాలలో తీగలు తక్కువ కావడం వల్ల బ్యాటరీ పక్కనుండే ప్రధాన ఫ్యూజు ఒక్కటే సాధారణంగా లంకె పనినీ నిర్వహిస్తుంది. విద్యుత్ కార్లలో ఇదే ఊహ మరీ సూక్ష్మరూపం ధరించింది. 2012లో వెలువడిన టెస్లా మోడల్ ఎస్ కారు బ్యాటరీలో చిన్న చిన్న ఘటాలు ఏడు వేలకు పైగా ఉండేవి. ప్రతి ఘటాన్నీ వెంట్రుక వంటి సన్నని తీగతో కలిపారు. ఒక ఘటం చెడి మితిమీరిన ప్రవాహం నడిస్తే దాని తీగ ఒక్కటే కరిగి, ఆ ఘటం మిగిలిన వాటి నుంచి వేరవుతుంది.

లంకె అన్ని ప్రమాదాలనూ ఆపలేదన్న సంగతి కూడా గుర్తుంచుకోదగినది. అది ప్రవాహాన్ని మాత్రమే ఎరుగును, వేడి ఎక్కడ పుడుతున్నదో ఎరుగదు. వదులైన జాయింటు దగ్గర, తుప్పు పట్టిన కొస దగ్గర మామూలు ప్రవాహానికే విపరీతమైన వేడి పుట్టవచ్చు. రాగి రేకుకు గట్టిగా అంటుకోక, తగిలీ తగలనట్లు ఉండి నిప్పురవ్వలు రాలుస్తూ ఉండవచ్చు. అప్పుడు నడిచే ఇరవై, ముప్పయి ఆంపియర్లు లంకెను కరిగించడానికి చాలవు. వాహనం తయారైన తరువాత అదనపు దీపాలకు, పాటల పెట్టెలకు ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి తీగ లాగితే, ఆ తీగ ఈ రక్షణ పరిధికి పూర్తిగా వెలుపల ఉంటుంది.

తెగిన లంకె ఒక వార్తను మోసుకొస్తుంది. లోపల ఎక్కడో తీగ ఒరిసిపోయిందని దాని అర్థం. ఆ చోటును వెదకకుండా కొత్త లంకె వేస్తే అదీ మరుక్షణమే తెగుతుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఏళ్ల తరబడి పని చేసిన ఎలక్ట్రీషియన్లకు ఈ సంగతి పుస్తకాలు చెప్పనక్కరలేదు. నిదానం తెలిసిన పనివాడు ముందుగా బ్యాటరీ రుణధ్రువపు బిగింపును విప్పుతాడు. అలా చేస్తే పనిలో స్పానరు జారి రేకుకు తగిలినా ఏ హానీ ఉండదు. తరువాత పాత లంకె స్థానంలో 21 వాట్ల దీపాన్ని కలిపి, తలుపులన్నీ మూసి, స్విచ్చులన్నీ ఆపి, రుణధ్రువాన్ని తిరిగి తగిలిస్తాడు. షార్టు సర్క్యూటు ఇంకా ఉంటే దీపం నిండుగా వెలుగుతుంది. దీపం నిరోధం వల్ల రెండు ఆంపియర్లకు మించి ప్రవహించే వీలు లేదు కనుక తీగలకు భయం లేదు. ఇక అతడు తీగల కట్టను రంధ్రాల దగ్గర, పొగగొట్టం దగ్గర, మడతల దగ్గర ఒక్కొక్క జానెడు చొప్పున కదుపుతూ పోతాడు. ఒకచోట కదిపినప్పుడు దీపం మినుకుమంటుంది. అక్కడ కట్ట విప్పి, చిరిగిన తొడుగును బాగుచేసి, రబ్బరు వలయాన్ని యథాస్థానంలో అమరుస్తాడు. దీపం పూర్తిగా ఆరిపోతుంది. రుణధ్రువాన్ని మళ్లీ విప్పి, అదే గేజి, అదే పొడవు గల కొత్త లంకెను బిగించేది ఆ తరువాతనే.